ఎండిన ఆకు రంగులు

ఇటుక రంగు, పసుపు, గోధుమ రంగు కలిపి అల్లిన ఊలును బాగుందని మెచ్చుకోవడం మానేశాను.

నల్లమాడ బస్సులో, చొక్కాలు ఒంటికి అతుక్కునే ఉక్కలో, పక్క సీటామె మెడకు తొడుక్కునే ఊలు పట్టీని క్రోషా సూదితో అల్లుతోంది.

“ఈ ఎండలో ఎవరికమ్మా?”

“చలి దేశమోళ్లకు, అన్నా. ఆకు రాలే ముందు ఆడ చెట్లన్నీ ఈ రంగుకొస్తాయంట. చూసేదానికి జనాలు కార్లేసుకోని పోతారంట.”

“రంగులు బలే కుదిరినాయి” అన్నాను.

ఆమె తన ఊరు దగ్గరపడగానే సూది ఆపి, ఆ పట్టీని కిటికీకి ఆనించి చూపించింది. బయట వాన లేక ఎండిపోయిన వేరుశనగ చేను. అచ్చం అవే రంగులు.

“ఆ చేను మాదేన్నా. పంట పోయిందని ఆఫీసులో ఎంత మొత్తుకున్నా, చూసేదానికి ఒక్కరూ రాలే.”