జలాంతర్గాముల ఏస్తేరమ్మ మేడమ్

మంగళవారం పొద్దున నాగర్‌కర్నూల్ కూరగాయల మార్కెట్లో సంచి పట్టుకొని నిలబడి ఉండగా ఫోను మోగింది. గద్వాల కళాశాలలో మాతో పనిచేసిన గుమాస్తా గొంతు. "సార్, ఏస్తేరమ్మ మేడమ్ పోయిన్రు" అన్నాడు. ఎక్కడికి పోయారని అడిగాను. ఎప్పుడూ ఎక్కడికో ఒకచోటికి పోతూనే ఉండే మనిషి కనుక ఆ ప్రశ్న నా నోట సహజంగానే వచ్చింది. ఫోనులోనే అతను ఏడవసాగాడు. అప్పుడు విషయం తెలిసింది. చేతిలోని సంచి ఎక్కడ పెట్టానో నాకు గుర్తు లేదు.

బస్సు అందుకోవాలని బయలుదేరి, అద్దె ఇంటి గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ కూలిపోయారట. ఇరుగుపొరుగు ఆటోలో దవాఖానకు చేర్చేసరికే గుండె ఆగిపోయింది. అరవై రెండేళ్ళు. పదవీ విరమణ చేసి ఎక్కువ కాలం కాలేదు.

ఆనాటి నుంచి నేను కుదురుగా కూర్చోలేకపోతున్నాను. ఆమె గురించి రాయమని పూర్వ విద్యార్థులు కోరారు. రెండు వాక్యాలు రాయడం, లేచి వరండాలో తిరగడం, మళ్ళీ వచ్చి రాసింది కొట్టేయడం. ఉత్త దుఃఖమే అయితే ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఆమె పట్ల నేను చేసిన అన్యాయం ఒకటుంది. దాన్ని దాచి గుణగణాలను కీర్తిస్తే ఈ వ్యాసం అబద్ధమవుతుంది.

ఏస్తేరమ్మ గారు గద్వాల డిగ్రీ కళాశాలలో ఇరవై ఆరేళ్ళు చరిత్ర బోధించారు. నేను అక్కడే భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. పెద్దమందడి దగ్గరి ఒక పల్లెలో, వలస కూలి మీద బతికే క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రుల వెంట ఆనకట్టల దగ్గర, కాలువల దగ్గర వేసిన గుడిసెల్లో పెరిగి, ఆపైన హాస్టళ్ళలో ఉండి చదువుకొని, విశ్వవిద్యాలయం దాకా వెళ్ళిన విదుషీమణి. అయితే ఆమె జీవితకాల పరిశోధన ఏమిటో విన్నవారు మరోసారి అడిగి ఖాయం చేసుకునేవారు. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ అమెరికా నౌకాదళం నడిపిన జలాంతర్గాములు. వాన కోసం ఎదురుచూసే ఈ మెట్ట నేల మీద పుట్టిన మనిషికి సముద్రగర్భంతో ఏం పని అని మేము నవ్వుకునేవాళ్ళం. విద్యార్థులు ఆమెను చాటుగా సబ్‌మెరైన్ మేడమ్ అనేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

అంతటి అవిశ్రాంత చిత్తాన్ని నేను మరొకరిలో చూడలేదు. పాఠం నడుస్తూ చెప్పేవారు. కిటికీ దగ్గర మొదలైన వాక్యం తలుపు దగ్గర ముగిసేది. టీ సగం తాగి గ్లాసు ఎవరి బల్ల మీదనో మరచిపోయేవారు. గద్వాల నుంచి వనపర్తికి బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కమ్మీ పట్టుకొని నిలబడే వెళ్ళేవారు. కూర్చోమంటే, "కూసుంటే ఆలోచన గూడ కూసుంటది సార్" అనేవారు. సెలవు రోజుల్లో కూడా ఆమె ఇంట్లో దొరకరు. వనపర్తి గ్రంథాలయంలోనో, నాగర్‌కర్నూల్‌లో ఎవరైనా పాత సైనికుడి ఇంట్లోనో, తపాలా కచేరీ దగ్గరనో ఉంటారు. అమెరికా నుంచి ఉత్తరాల ప్రతులు ఆమెకు తపాలాలో వచ్చేవి. ఆ కవర్లను రోడ్డు మీదనే చింపి, నడుస్తూనే చదివేవారు.

ఆ కాలపు జలాంతర్గాములు ఎంత దుర్భరమైనవో ఆమె చెబుతుంటే ఊపిరి ఆడేది కాదు. ఇరుకైన ఇనుప గొట్టం, నూనె కంపు, చెమ్మ. ఉప్పునీరు బ్యాటరీల్లోకి చేరితే విషవాయువు. ఆమె ఏ సంవత్సరం పాఠం చెప్పినా తప్పకుండా చెప్పే ఘట్టం ఒకటి ఉండేది. ఒక శీతాకాలం అమెరికా తీరానికి దగ్గరలో ఒక జలాంతర్గామి నీటి పైకి లేస్తుండగా కాపలా ఓడ వచ్చి గుద్దింది. నలభై మందితో అది నూరడుగుల లోతుకు మునిగింది. మరునాడు దిగిన గజ ఈతగాడు ఇనుప గోడ మీద కొట్టి చూస్తే ముందు గది నుంచి జవాబు వచ్చింది. ఆరుగురు బతికి ఉన్నారు. తమకు ఆశ ఉందా అని సుత్తి దెబ్బల సంకేతాలతో అడిగారు. పైన తుఫాను. రక్షించే సాధనం లేదు. మూడో రోజు దాటేసరికి చప్పుడు ఆగిపోయింది. తర్వాత ఆ నౌకను పైకి తీసి, దానినే ముంచుతూ తేలుస్తూ మనుషులను బయటికి తెచ్చే ఉపాయాలు పరీక్షించారు. కొన్నేళ్ళకు అంతకంటే చాలా లోతున మరో జలాంతర్గామి మునిగినప్పుడు, పెద్ద గంటలాంటి ఇనుప గదిని తాళ్ళతో దించి ముప్పై ముగ్గురిని బయటికి తెచ్చారు. ఆ గంటను కనిపెట్టినవారి పేర్లు పుస్తకాల్లో ఉన్నాయి. ఆమె దృష్టి మాత్రం ఆ ఆరుగురి మీదనే. విన్నవారు ఆ చప్పుడును మరువలేకపోయారు కనుకనే ఆ గంట పుట్టిందన్నది ఆమె సిద్ధాంతం.

ఇక నా సంగతి. కళాశాల పరిశోధన సంఘానికి నేను సమావేశకర్తగా ఉన్న రోజుల్లో, గ్రంథం పూర్తి చేయడానికి ఏడాది సెలవుకు సిఫారసు కోరుతూ ఆమె దరఖాస్తు పెట్టారు. మూడు పేజీలు. నేను మొదటి పేజీ చూసి, ఈ విషయానికి ప్రాంతీయ ప్రాసంగికత లేదని రాసి సంతకం పెట్టాను. ఆమె ఆ కాగితం పట్టుకొని నా గదికి వచ్చారు.

"ప్రాంతమంటే మీ లెక్కల ఏంది సార్? మనోళ్ళు ఏడేడ పనికి పోయిన్రో అదంత మన ప్రాంతం గాదా?"

నియమావళి గురించి ఏదో చెప్పాను. ఆమె ఆ కాగితం తీసుకొని వెళ్ళిపోయారు. మనసులో పెట్టుకోలేదు. మరునాడు ఎప్పటిలాగే సగం తాగిన టీ గ్లాసు నా బల్ల మీద మరచిపోయారు.

ఆ ప్రశ్నకు అర్థం రెండేళ్ళ తర్వాత తెలిసింది. పెద్దమందడిలో ఇద్దరం బస్సు కోసం నిలబడ్డాం. ఆమె రోడ్డుకు ఆ చివరి నుంచి ఈ చివరికి తిరుగుతూ, ఉన్నట్టుండి నా ముందు ఆగారు.

"మా అయ్య సొరంగంల పోయిండు సార్. నాకప్పుడు తొమ్మిదేండ్లు. వేరే రాష్ట్రంల కాలువ పని. పైకప్పు కూలి నలుగురు లోపల పడ్డరు. వెంటనే పాణం పోయిందని మాతోటి చెప్పిన్రు. అయిదేండ్లయినంక, ఆ గుంపుల పనిచేసిన ముసలాయన వచ్చి మా అమ్మకు నిజం చెప్పిండు. రెండు దినాలు లోపల్నించి గడ్డపార చప్పుడు వచ్చిందట. బయట మిషిన్లు నడుస్తనే ఉన్నయట."

బస్సు కనిపించింది. ఎక్కబోతూ ఆమె మరొక మాట చెప్పారు. ఆ ఆరుగురి పేర్లు కాగితాల మీద ఉన్నాయి, మా అయ్య పేరు ఎక్కడా లేదు అని. నా సంతకం గురించి ఆ రోజే క్షమాపణ అడగవలసింది. అడగలేదు.

తర్వాతి వేసవిలో వనపర్తిలో పరీక్షల పని ముగించుకొని ఇద్దరం నా కారులో తిరిగి వస్తున్నాం. ఒక ఊరి పొలిమేరలో జనం గుమిగూడి ఉన్నారు. కౌలు పొలంలోని పాత బావిలో పూడిక తీస్తుండగా ఒక పక్క గోడ కూలి ఇద్దరు కూలీలు మట్టి కింద పడ్డారు. అప్పటికి గంటకు పైగా అయింది. పొక్లెయిన్ వచ్చి గట్టు తవ్వుతోంది. ఇద్దరూ పోయినట్టేనని, శవాలనైనా తీయాలని అంటున్నారు. నేను కారు ఆపేలోపే ఆమె దిగి పరుగెత్తారు.

"ఇంజన్ బంద్ చెయ్యి తమ్మీ. జర సేపు" అన్నారు ఆ యంత్రం నడిపే మనిషితో. అతను పక్కన నిలబడిన అధికారి వైపు చూశాడు. అధికారి ఆమెను వెనక్కి వెళ్ళమన్నాడు. ఆమె వినలేదు. వెళ్ళి యంత్రం ముందే నిలబడ్డారు. ఇంజన్ ఆగింది.

బావిలోకి మోటారు పైపు దిగి ఉంది. పాత ఇనుప పైపు. ఆమె ఒక రాయి తీసుకొని దాని మీద అయిదుసార్లు కొట్టి, చెవి ఆనించారు. ఏమీ లేదు. మళ్ళీ కొట్టారు. జనం గుసగుసలాడుతుంటే చేయి ఎత్తి ఆపారు. మూడోసారి కొట్టి, విని, నన్ను పిలిచారు. నేను మోకాళ్ళ మీద కూర్చొని పైపుకు చెవి పెట్టాను. చాలా దూరం నుంచి వచ్చినట్టు మూడు దెబ్బలు వినిపించాయి.

శబ్దం గాలిలో కంటే ఇనుములో వేగంగా, స్పష్టంగా ప్రయాణిస్తుందని ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద రాసినవాణ్ణి నేను. ఆ బావి గట్టున ఆ పైపు నా కంటికి కనబడనైనా లేదు.

యంత్రాన్ని దూరం జరిపి, బావులు తవ్వే మనుషులు చేతిపారలతో, తట్టలతో దిగారు. నాలుగు గంటలు పట్టింది. అంతసేపూ ఆమె ఆ పైపు దగ్గరనుంచి లేవకుండా, పైన మనుషులున్నారని లోపలివాళ్ళకు తెలిసేలా కొడుతూ, చెవి ఆనించి వింటూ ఉన్నారు. పొద్దు వాలుతుండగా బాలస్వామి అనే అతణ్ణి ప్రాణంతో తీశారు. పైపు వెంబడి ఒరిగిన బండ కింద కొంత ఖాళీ మిగిలి బతికాడు. అతని బామ్మర్ది కుర్మయ్య అతని పక్కనే చనిపోయి ఉన్నాడు.

బాలస్వామి కోలుకున్నాక ఆమె వెళ్ళి అడిగారు. మొదట పైపు మీద కొట్టింది కుర్మయ్యేనట. చేతికి దొరికిన రాయితో చాలాసేపు కొట్టాడట. తర్వాత అతని చేయి ఆగితే బాలస్వామి ఆ రాయి అందుకున్నాడు. ఎప్పుడు ఆగిందో, మేము విన్న ఆ మూడు దెబ్బలు ఎవరివో అతను చెప్పలేకపోయాడు. ఆ చీకట్లో తెలివి వస్తూ పోతూ ఉందన్నాడు.

పత్రికలు ఆమెను మెచ్చుకుంటూ రాశాయి. ఆమె వాటిని చదవలేదు. ఇంజన్ నడిచిన ఆ మొదటి గంట ఆమెను పట్టి పీడించింది. కుర్మయ్య కొట్టింది ఆ గంటలోనేనా అని నన్ను ఎన్నిసార్లు అడిగారో లెక్క లేదు.

పదకొండో రోజున కుర్మయ్య భార్య నర్సమ్మను చూడటానికి వెళ్ళాం. వెంటనే ప్రాణం పోయిందని ఆమెకు తామే చెప్పామని, ఇక ఏమీ కదిలించవద్దని ఊరి పెద్దలు ముందే మమ్మల్ని కోరారు. నాకు అది సబబే అనిపించింది. ఏస్తేరమ్మ గారు మాత్రం నర్సమ్మ ఎదుట నేల మీద కూర్చొని, "నీ మొగడు లోపల్నించి కొట్టిండమ్మా. మేం లేటుగ వచ్చినం" అన్నారు. నర్సమ్మ ఆమె ముఖం వైపు చూసింది. లేచి లోపలికి పోయి తలుపు వేసుకుంది.

తిరుగు దారిలో నేను కోపంగా మాట్లాడాను. ఇది సత్యం కాదు, క్రూరత్వం అన్నాను. "మా అమ్మకు అయిదేండ్లు పట్టింది సార్" అని మాత్రమే అన్నారు. ఆ తర్వాత ఆమె అశాంతి మరీ పెరిగింది. మాట మధ్యలో లేచిపోయేవారు. తను చేసింది తప్పేమోనని ఆమెకే సందేహం కలిగిందని నాకు తెలుసు.

వానలు వెనకబట్టాక ఒక మధ్యాహ్నం నర్సమ్మ ఒంటరిగా బస్సెక్కి గద్వాల కళాశాలకు వచ్చింది. మేడమ్ ఎక్కడ అని అడిగింది. అంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పమంది. ఇద్దరూ వరండా మెట్ల మీద కూర్చున్నారు. ఆ తర్వాత ఏస్తేరమ్మ గారు తీసుకోవలసిన తరగతి నేను తీసుకొని, ముగించి వచ్చేసరికీ వాళ్ళు అక్కడే ఉన్నారు. ఏస్తేరమ్మ గారు ఒకచోట గంటసేపు కదలకుండా కూర్చోవడం ఆ బావి గట్టున తప్ప నేను చూసింది ఆ ఒక్కరోజే. అప్పటి నుంచి నర్సమ్మ ఏటా వచ్చేది.

బుధవారం పెద్దమందడి దగ్గరి ఆ పల్లెలో, క్రైస్తవ శ్మశానవాటికలో ఆమెను మట్టి చేశాం. ఆమె రాతప్రతి మూడు అట్టపెట్టెల్లో ఉంది. అచ్చుకు సిద్ధం చేస్తామని విద్యార్థులు పూనుకున్నారు. దానికి ముందుమాట నన్ను రాయమన్నారు. నేను అర్హుణ్ణి కాదని చెప్పాను. ఆమె విద్వత్తు అనితరసాధ్యం. దాన్ని ఒక్క వాక్యంతో కొట్టిపారేసినవాణ్ణి నేను. ఆ దరఖాస్తు మీది నా రాతను కూడా ఆ పుస్తకంలో అచ్చువేస్తామంటే రాస్తానన్నాను. వాళ్ళు ఒప్పుకున్నారు. ఆమెకు నేను సమర్పించగల నివాళి అంతే.

జనం వెళ్ళిపోతుండగా నర్సమ్మ నా దగ్గరికి వచ్చింది. "గా దినం నువ్వు గూడ చెవి పెట్టి ఇన్నవంట గద సార్. ఆ మూడు దెబ్బలు ఎవరియి?"

ఆమె ముఖం చూసి నాకు జాలి కలిగింది. కుర్మయ్యవే అన్నాను.

"మేడమ్‌ను అడిగినప్పుడల్ల తెల్వదనే చెప్పింది సార్" అని నర్సమ్మ చెంగు సర్దుకొని నడిచిపోయింది.

నేను ఆమె వెనకే బస్సు ఆగే చోటు దాకా పోయాను. "నాకు గూడ తెల్వదమ్మా. అబద్ధం చెప్పిన" అన్నాను. ఆమె బల్ల మీద జరిగి నాకు చోటిచ్చింది. మొదటి నుంచి చెప్పమంది. చెప్పాను. రెండుచోట్ల, మేము రాకముందటి ఆ గంట దగ్గర, ఆ తర్వాతి నాలుగు గంటల దగ్గర, ఆగిపోయాను. పైపు మీద నుంచి చెవి తీయకుండా ఆ నాలుగు గంటలూ విన్నది ఏస్తేరమ్మ గారు. ఆమెకు ఏం వినిపించిందో నాకు తెలియదు.