చేత్తో రాసిన గుర్తు

మా మేనమామ మితభాషి. రౌటరు ఊసెత్తితే మాత్రం ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆసుపత్రిలో వార్డుల కంప్యూటర్లన్నీ ఒక నెట్‌వర్కు, కింద అంతస్తులో మా బ్లడ్‌బ్యాంకుది ఇంకొకటి. రెండింటికీ మధ్య మామయ్య గదిలో రౌటరు. పాతికేళ్లుగా దాని బాగోగులు ఆయనవే.

"కంప్యూటరు నంబరొక్కటే తెలిస్తే చాలదు తల్లీ," అనేవాడు నాతో. "వార్డు నుంచి కబురొచ్చిందనుకో. రౌటరు మీ వైపు తిరిగి 'ఈ నంబరు ఎవరిది?' అని అందరినీ అడుగుతుంది. మీ కంప్యూటరు 'నాదే, నాలో ఉన్న నెట్‌వర్కు కార్డు గుర్తు ఇదీ' అంటుంది. ఆ గుర్తు పట్టుకునే కబురు అందిస్తుంది. కాసేపు గుర్తుపెట్టుకుంటుంది, మరిచిపోతుంది, మళ్లీ అడుగుతుంది."

"ఇంత మతిమరుపుదాన్ని ఎలా నమ్ముతావు మామయ్యా?" అని ఏడిపించేదాన్ని.

నాలుగేళ్ల కిందట ఎవరో తెచ్చి తగిలించిన పాత కంప్యూటరు ఒకటి మా నంబరు తనదేనంటూ బదులిచ్చింది. ఒక పూటంతా మాకు రావలసిన కబుర్లు దానికి పోయాయి. మామయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రమే మా కార్డు గుర్తును రౌటరులో తన చేత్తో రాసేశాడు. ఇక మా నంబరు కోసం అది ఎవరినీ అడగదు. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు, ఏ పుస్తకంలోనూ రాసిపెట్టలేదు. తనకు గుర్తుంటే చాలనుకున్నాడు. ఆ ధీమాయే కొంప ముంచింది.

ఒకరోజు పొద్దున్నే మా కంప్యూటరులో నెట్‌వర్కు కార్డు కాలిపోయింది. రిపేరు మనిషి కొత్తది బిగించి వెళ్లాడు. నంబరు పాతదే, గుర్తు మారింది. అతన్ని తిట్టుకుందామన్నా అతనికేం తెలుసు?

పది గంటలకు కాన్పుల వార్డులో ఒక బాలింతకు రక్తస్రావం మొదలైంది. నర్సు కంప్యూటరులో రక్తం కోరింది. 'పంపబడింది' అని తెర మీద వచ్చింది. నా తెర మీద ఏమీ రాలేదు. చెత్తబుట్టలో పడున్న పాత కార్డు గుర్తుకే రౌటరు ఆ కబురును పంపుతూనే ఉంది. నలభై నిమిషాలు చూసి నర్సు పరుగెత్తుకొచ్చింది. నేను రక్తం తీసుకుని పైకి ఉరికాను. ఆమె దక్కలేదు.

మర్నాడు పెద్ద డాక్టరు గదిలో విచారణ జరిగింది. గోడవారగా ఆ బాలింత భర్త, మరో పక్క మామయ్య కూర్చున్నారు.

"వార్డు నుంచి కబురు వెళ్లింది. ఈ అమ్మాయే చూసుకోలేదు," అన్నాడు పెద్ద డాక్టరు.

నా కళ్లను నేనే అనుమానించాను. ఉద్యోగం పోవడం కన్నా, ఒక ప్రాణం నా మూలంగా పోయిందన్న మాట నన్ను నిలువునా కోసింది.

మామయ్య ముందురోజే సంగతి కనిపెట్టి, రౌటరులోని తన రాతను చెరిపేశాడు. చెరిపిన మరుక్షణం రౌటరు అడిగింది, జవాబు అందుకుంది, అంతా సర్దుకుంది. ఎక్కడా ఆనవాలు లేదు. ఆయన రిటైరవడానికి ఇంకా ఐదు నెలలే ఉన్నాయి. నోరు మెదపకపోతే ఆయన జోలికి వచ్చేవాళ్లెవరూ లేరు.

ఆయన లేచి నిలబడ్డాడు. "అమ్మాయి తప్పు లేదండీ. కబురు కిందికి చేరనే లేదు," అని, జరిగిందంతా దాచకుండా చెప్పాడు. ఆయన మీద కోపం నాకు ఈనాటికీ పోలేదు. గౌరవం మాత్రం ఆ రోజే రెట్టింపయింది.

భర్త అంతా విని మెల్లగా అడిగాడు. "అయితే సార్, అది ఒక్కసారి అడిగుంటే సరిపోయేదా?"

"సరిపోయేది బాబూ. ఒక్క క్షణం పట్టేది," అన్నాడు మామయ్య. "అడగొద్దని నేనే రాశాను."