దరఖాస్తుకు పిలుపొచ్చింది, ఉన్న పని పోయింది

సహోదరులారా, సహోదరీలారా, పోయిన ఫిబ్రవరి నెలంతా నేను మన మందిరం ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి ఇంటికి వెళ్లేవాణ్ణి, ఎందుకంటే ముందు నుంచి వెళితే ఎవరో ఒకరు ఆపి "ఏం బాబూ, విమానం ఎప్పుడు?" అని ప్రేమగా అడిగేవారు, విమానం సంగతి అలా ఉంచండి, రేపు పొయ్యి మీదికి ఏం ఎక్కుతుందో తెలియని రోజులవి. ఆ చీకట్లోంచి ప్రభువు నన్ను ఎలా బయటికి తెచ్చాడో చెప్పడానికి ఇక్కడ నిలబడ్డాను. జరిగింది జరిగినట్టు, వరుసగా చెబుతాను.

నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. రంగారావు గారి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కోల్డ్ రూముల మెషిన్లు చూసే మెకానిక్‌గా పనిచేస్తున్నాను. ఈ పని తెలిసినవాళ్లు కెనడాలో కావాలట, భార్యతో సహా వెళ్లి అక్కడే స్థిరపడవచ్చట అని నాతో చదివిన స్నేహితుడు చెబితే, ఢిల్లీలోని కెనడా వీసా ఆఫీసుకు నా వివరాలు రాసి పంపాను. చదువు, అనుభవం, వయసు, ఇంగ్లీషు, ఒక్కోదానికి ఇన్ని మార్కులని వేసి చూస్తారు. చాలా కాలానికి జవాబు వచ్చింది. మీ వివరాలు పరిశీలించాం, నైపుణ్యం గల పనివారి కింద శాశ్వత నివాసానికి దరఖాస్తు చేసుకోవలసిందిగా ఆహ్వానిస్తున్నాం, అని. అది వీసా కాదు, దరఖాస్తు పెట్టుకోమని పిలుపు మాత్రమే. ఆ తర్వాత దరఖాస్తు, సర్టిఫికెట్లు, ఇంటర్వ్యూ, మెడికల్ పరీక్ష ఉంటాయి, ఎక్కడైనా కాదనవచ్చు.

ఇదంతా నేను అందరికీ చెప్పాను. కానీ మనది నూజివీడు. మనవాళ్లు కాయ చూసి తోట కొనరు, పూత చూసి కొంటారు. సంఘంలో కూడా తోటలున్నవాళ్లు పూత నిలిచిందంటే చాలు, కాపు చేతికొచ్చినట్టే కృతజ్ఞతార్పణ తెచ్చేస్తారు. ఆ అలవాటు చొప్పునే పాస్టరు గారు ఆదివారం నన్ను ముందుకు పిలిచి, మన సహోదరుడికి దేవుడు కెనడా ఇచ్చాడని ప్రకటించారు, మీరంతా చప్పట్లు కొట్టారు, స్త్రీల సమాజం వాళ్లు లడ్డూలు పంచారు. ఇంకా వీసా రాలేదండీ అని నేనంటే, ముందు వరసలో కూర్చున్న పెద్దమ్మ "విశ్వాసంతో మాట్లాడు నాయనా, అలా అపశకునంగా మాట్లాడతావేంటి?" అంది. విశ్వాసం మాట ఎత్తాక నేనూ ఒక లడ్డూ తీసుకుని కూర్చున్నాను.

ఆ కబురు ఫ్యాక్టరీకి నాకంటే ముందే చేరింది. రంగారావు గారు మంచి మనిషి, ఏళ్ల తరబడి పూత మీద తోటలు కొంటున్న వ్యాపారి. ఒకరోజు పొద్దున్నే నన్ను పిలిచి భుజాన శాలువా కప్పి, "సీజన్ మధ్యలో నువ్వెళ్లిపోతే నా సరుకు ఏం కానయ్యా? అందుకే బెజవాడ నుంచి మనిషిని పెట్టుకున్నాను. నువ్వు నిశ్చింతగా సర్దుకో" అన్నారు. నాకింకా వీసా రాలేదండీ అన్నాను. "వస్తుందిలేవయ్యా, పూత దివ్యంగా ఉంది" అని నవ్వారు. శాలువాతో ఇంటికి వచ్చాను, పని లేకుండా.

నన్ను ఎవరూ తిట్టలేదు, ఎవరూ అన్యాయం చేయలేదు, అందరూ సంతోషిస్తూనే నా కాళ్ల కింద నేల లాగేశారు. కోపం ఎవరి మీద చూపించను! పైగా దరఖాస్తుతో పాటు, ఇప్పుడు పనిచేస్తున్న చోట ఏం పని చేస్తున్నానో యజమాని రాసిచ్చిన సర్టిఫికెట్ జతపరచాలి, దానికి గడువు కూడా పెట్టారు. హనుమాన్ జంక్షన్ దాకా వెళ్లి ఐసు ఫ్యాక్టరీలో అడిగాను. "కెనడా వెళ్లేవాడివి నీకు మా దగ్గర పనేంటయ్యా?" అని నవ్వి పంపించేశారు.

అప్పుడు మా ఫ్యాక్టరీ గుమాస్తా నా మీద జాలిపడి, యజమానికి తెలియకుండా ఒక సర్టిఫికెట్ టైపు చేసి ఇచ్చాడు. నేనింకా అక్కడే పనిచేస్తున్నానని, అదీ హెడ్ మెకానిక్‌నని అందులో రాశాడు. "వాళ్లు ఢిల్లీ నుంచి నూజివీడు వచ్చి చూస్తారేంటి, పంపించెయ్" అన్నాడు. దాన్ని ఇంటికి తెచ్చాను. పోస్టు చేసేముందు ప్రార్థన చేద్దామని నా భార్య రూతును పిలిచాను. ఆమె ఆ కాగితం చదివి నా ముఖంలోకి చూసి, "ఏమండీ, దీని మీద చెయ్యి పెట్టి ఏమని అడుగుదాం?" అంది. కోప్పడలేదు, నిజంగానే అడిగింది. నేను మోకరించాను కానీ సహోదరులారా, ఆ కాగితాన్ని ఆశీర్వదించమని అడగలేకపోయాను. "ప్రభువా, నాకు కెనడా ఇవ్వకపోయినా పరవాలేదు, అబద్ధం లేకుండా నీ ముందు కూర్చునే ధైర్యం ఇవ్వు" అన్నాను. ఆ మాటతో నా గుండెల మీద బరువు దిగిపోయింది, దేవునికే మహిమ! లేచి ఆ కాగితం చింపేశాను.

మర్నాడు రూతు వెళ్లి పాస్టరు గారికి సంగతి చెప్పింది. నా పని పోయిందని ఆయనకు అప్పటిదాకా తెలియదు, నేను సందులోంచి తిరుగుతుంటే ఎలా తెలుస్తుంది! ఆయన ఆ మధ్యాహ్నమే ఎండలో సైకిలు తొక్కుకుంటూ మా ఇంటికొచ్చి, నన్ను వెనక ఎక్కించుకుని నేరుగా రంగారావు గారి దగ్గరికి తీసుకెళ్లారు. అక్కడ తోటల బేరం సాగుతోంది, పది మంది రైతులున్నారు. పాస్టరు గారు వాళ్లందరి ముందు చేతులు జోడించి, "అయ్యా, ఈ అబ్బాయి వద్దంటున్నా నేనే తొందరపడి ప్రకటించాను. ఇతనికి వీసా రాలేదు. తప్పు నాది, అనుభవించేది ఇతను" అన్నారు.

రంగారావు గారు రైతుల వైపు తిరిగి, "నిరుడు వడగళ్లకు నా తోటలేమయ్యాయో మీకు తెలుసుగా. అంత జరిగినా బుద్ధి రాలేదు, మనిషి విషయంలో కూడా పూత చూసి కాపు లెక్కేసుకున్నాను" అన్నారు. రైతులు నవ్వారు. ఆయన నవ్వలేదు. "మాటిచ్చి తెచ్చిన మనిషిని పంపలేను. సీజన్‌కి రెండు షిఫ్టులు పెడుతున్నాను, అతని కింద రెండో మెకానిక్‌గా చేస్తావా?" అని నన్ను అడిగారు. జీతం తక్కువ. నేను బిగించిన మెషిన్ల దగ్గర ఇంకొకరి మాట వినాలి. నా నోట వెంటనే "చేస్తానండీ" అని వచ్చింది, ఆ వినయం నాది కాదు, ప్రభువు ఇచ్చింది.

సర్టిఫికెట్‌లో ఆయన ఉన్నదున్నట్టు రాశారు. ఇదివరకు మెకానిక్, ప్రస్తుతం రెండో మెకానిక్. దానివల్ల నాకు మార్కులు తగ్గవచ్చు. తగ్గనివ్వండి. గడువులోపే రిజిస్టరు పోస్టులో పంపాను. ఈసారి దాని మీద రూతు, నేను చేతులుంచి నిండు మనసుతో ప్రార్థించాం.

ప్రియులారా, జవాబు ఇంకా రాలేదు. రావచ్చు, రాకపోవచ్చు. అందుకే నా వీసా కోసం ఈ పూట ఎవరూ స్తుతి చెల్లించవద్దని వేడుకుంటున్నాను. చేతికొచ్చినవాటికి చెల్లించండి. పోయిన పని దేవుడు తిరిగి ఇచ్చాడు. తన తప్పు పది మందిలో ఒప్పుకున్న కాపరిని ఇచ్చాడు. నన్ను నిజం మీద నిలబెట్టిన భార్యను ఇచ్చాడు. సగం జవాబు చేతిలో పట్టుకుని మనుషుల ముఖం చూడలేక తిరుగుతున్నవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, ఉన్న నిజాన్నే ఆయన దగ్గరికి తెచ్చుకోండి, ఆయన దాన్ని చిన్నచూపు చూడడు. కూడిక అయ్యాక నా దగ్గరికి రండి, కలిసి మోకరిద్దాం. నాకు షిఫ్టు రెండింటికి, అప్పటిదాకా ఇక్కడే ఉంటాను.