కాశీనాథం బోరు లెక్క

సిద్దిపేటలో స్టీలు సామాన్ల దుకాణం నడిపే కాశీనాథానికి ప్రపంచమంతా గిన్నెల్లోనే, వంట గంజుల్లోనే కనిపిస్తుంది. కోమటి చెరువులో ఎన్ని గంజుల నీళ్లున్నాయో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అడిగినవాళ్లు లేరు, అది వేరే సంగతి.

ఆయన ఇంటి బోరులోకి వీధి మోరీలోని మురుగునీళ్లు దిగుతున్నాయి. లోపల దింపిన పైపుకూ, తవ్విన బొక్కకూ మధ్య చుట్టూతా ఉన్న సందులో పలుచటి సిమెంటు పోస్తే ఆగిపోతాయన్నాడు బోరు మేస్త్రీ దుబ్బయ్య. ఎంత పడుతుందో తాను తేలుస్తానన్నాడు కాశీనాథం. బొక్క వెడల్పూ లోతూ గుణించి, మీసం దువ్వి, మూడు పెద్ద గంజులన్నాడు. సిమెంటు కలపడానికి దుకాణంలో కిరాయికిచ్చే బిర్యానీ గంజులే తెచ్చాడు. మర్నాడు అవి పెళ్లికి పోవాలి.

మూడింటి నిండా సిమెంటు కలిపారు. మొదటి గంజు ఖాళీ అయింది. రెండో దాంట్లోంచి నాలుగు చెంబులు పోశారో లేదో, సిమెంటు పైకి పొంగింది.

"నిండింది సేటూ," అన్నాడు దుబ్బయ్య.

"ఎట్ల నిండుతది? లెక్క మూడు గంజులు!"

భార్య జ్ఞానేశ్వరి వచ్చి తొంగిచూసింది. "లెక్కల పైపును మర్సిపోయిన్రా ఏంది? పైపు లోపల గూడ సిమెంటు పోస్తే ఇగ నీళ్లెట్లొస్తయి?"

కాశీనాథం సిమెంటు చేత్తోనే మీసం దువ్వుకున్నాడు. సందు కొలవాల్సినవాడు బొక్కంతా కొలిచాడు. ఇప్పుడు మిగిలిన సిమెంటు గట్టిపడితే గంజులు గోవిందా. పెళ్లివాళ్లు బిర్యానీ దేంట్లో వండుకోవాలి? మోరీలో పారబోస్తే వాడకట్టంతా మీద పడుతుంది.

మిగిలింది ఒక్కటే చోటు, పక్కింటి ప్రమీలాదేవి గేటు ముందరి గుంత. ఇద్దరం కలిసి పూడ్పిద్దామని ఆమె అడిగినప్పుడు, గుంత ముప్పాతిక మీ దిక్కే ఉందని టేపు పెట్టి మరీ చూపించాడు మహానుభావుడు. అప్పటినుంచి మాటల్లేవు.

దుబ్బయ్యతో కలిసి గంజులు ఈడ్చుకెళ్లి గేటు కొట్టాడు. "అక్కా, జర గీ సిమెంటు గీ గుంతల పోస్తనే."

ఆమె గంజులను చూసింది. సిమెంటు పూసుకున్న ఆ మీసాన్ని చూసింది. నవ్వాపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పోసుకో, ఎవలొద్దన్నరు?"

గంజులు రెండూ బోర్లించినా గుంత సగమే నిండింది.

"గిది సగమే గద కాశీనాథం. ఇంకెంత పడ్తదో లెక్క జెప్పు," అంది ప్రమీలాదేవి.

నోటిదాకా వచ్చిన అంకెను కాశీనాథం మింగేశాడు. చాలా సిగ్గేసింది.

"నువ్వు సాలన్నదాంక పోస్తనక్కా," అన్నాడు.