మోకాలెత్తు ఏ నేల నుంచి?

ఇందుకూరుపేట మండలానికి నన్ను ఉద్యాన అధికారిగా వేసిన ఏడాది, నవంబరు మొదట్లో జరిగిందిది. హోదా ఘనమే. నా పైన జిల్లా అంతా ఉండేది, నా కింద కుర్చీ ఒక్కటే ఉండేది.

మైపాడు దారిలో సుగుణమ్మక్క ఇంటి ముందు గులాబీ చెట్టుందన్నారు. వెళ్లి చూస్తే చెట్టు వెనకాల ఇల్లుంది. దాని పక్కన నిలబెట్టిన స్కూటర్‌ను మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చింది. ఆమె భర్త పోయేముందు నాటిన ఎర్ర గులాబీ అది. క్రిస్మస్‌కు చర్చిలో బల్ల మీదికి దాని పూలే వెళ్లేవి. కొన్నేళ్లుగా ఎర్ర పువ్వన్నదే లేదు.

"మా ఆయన నాటిందాంట్లో ఇదొక్కటే మిగిలుండాది సార్. ఈ క్రిస్మస్‌కన్నా పూయించండి. చంపినారంటే మాత్రం మీ ఆఫీసు ముందరే కూర్చుంటా," అంది.

కత్తిరింపుకు మా శాఖ పద్ధతి సులువే. ఎండినవి, సన్నవి తీసేయాలి. బలమైన కొమ్మలు కొన్ని ఉంచి, మోకాలెత్తులో, బయటివైపు చూసే కన్నుకు పైన ఏటవాలుగా కోయాలి. కన్నంటే చిగురు పుట్టే చోటు. కత్తెర పట్టుకుని వంగాను. చిక్కు అక్కడే వచ్చింది. సముద్రపు గాలి ఏటేటా తెచ్చిపోసిన ఇసుక ఒక పక్క తొడ దాకా, ఇంకో పక్క చీలమండ దాకా ఉంది. మోకాలెత్తు ఏ నేల నుంచి కొలవాలి? చెట్టు చుట్టూ తిరిగాను. అక్క నా వెనకాలే తిరిగింది.

"మా చర్చిలో ప్రదక్షిణలు లేవు సార్. కోస్తారా, కోయరా?"

పార అడిగి ఇసుక తీశాను. అడుగున అంటు కట్టిన ముడి బయటపడింది. మంచి గులాబీని అడవి గులాబీ వేరు మీద అంటు కడతారు. ముడి పైన లేచేది మన పువ్వు, కింద లేచేది అడవి జాతి. ఏనుగు తొండాల్లాంటి కొమ్మలన్నీ ముడి కింది నుంచే లేచాయి. పైన మిగిలింది ఒక్క పుల్ల. పద్ధతి ప్రకారం మొదట కోయాల్సింది దాన్నే! పద్ధతి ఒకటి చెబుతోంది, ముడి ఇంకొకటి చెబుతోంది. గోరుతో గీకితే పుల్ల లోపల పచ్చగా ఉంది. దాన్ని ఉంచి, తొండాలన్నిటినీ మొదలంటా పీకేశాను. పుల్ల కొన కోసి, మైలుతుత్తం, సున్నం కలిపిన లేపనం పూసి, పశువుల ఎరువు వేశాను.

అక్క బండెడు కొమ్మల్ని చూసింది, పుల్లను చూసింది. "చీపురుపుల్ల మిగిల్చినారే సార్!"

క్రిస్మస్ నాటికి ఒకే మొగ్గ, అదీ ముడుచుకునే ఉంది. బల్ల మీదికి కాగితం పూలు వెళ్లాయి. నేను నా ఒక్క కుర్చీనీ ఆఫీసు బయట వేసి, ఆమె కోసం ఎదురుచూశాను. ఆమె వచ్చింది కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక. కూర్చోలేదు.

"పొద్దున విచ్చింది సార్, ఎర్రగా. బల్ల మీద పెట్టొచ్చినా. ఇంతకీ ఇన్నేళ్లూ నేను నీళ్లు పోసింది ఎవరికి?"

నేను కుర్చీని లోపలికి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి ఉద్యోగం వదిలేదాకా గులాబీ దగ్గర కత్తెర కంటే ముందు పార తీశాను. మోకాలెత్తును నేల నుంచి కాక, ముడి నుంచి కొలిచాను.