దవాఖాన నెట్‌కు సైరన్

మా గోదావరిఖనిల నౌకరి అంటే ఒక్కటే, బొగ్గు బాయి నౌకరి. పొద్దుగాల టోపీ పెట్టుకొని పోవాలె, హాజరు మస్టర్ పడాలె, నెల తిరిగెసరికి జీతం రావాలె. మిగిలినయన్నీ ఏదో పొద్దు పోక చేసే పనులే. నేను లక్ష్మీనగర్ల కంప్యూటర్ల దుకాణం పెట్టి ఏండ్లు గడిచినయి. అయినా మా అత్తగారి దిక్కు చుట్టాలు ఎదురైతే చాలు, "ఇంకా గా దుకాణమేనా బిడ్డా, ఏమన్న నౌకరి చూసుకోరాదు" అంటరు. నాకు అసలే కోపం ముక్కు మీద ఉంటది. "నౌకరి చేస్తే మీకు చాయ ఎవలు పోస్తరు పెద్దమ్మా" అంట. అట్ల అన్నంక కూడ వాళ్లు చాయ తాగే పోతరు.

కంప్యూటర్లు, కెమెరాలు, రౌటర్లు అమ్ముతం. అమ్మితే మిగిలేది అట్టడబ్బాలు, వైరు ముక్కలు. సామాను చేతుల పెట్టంగనే కొనేటాయన ఫోన్ తీసి, ఆన్‌లైన్ల ఇంతకంటె అగ్గువ ఉన్నదని నాకే చూపిస్తడు. అయితే ఆ ఫోన్‌కే కేబుల్ గుంజిచ్చుకోరాదుండ్రి అని నోటిదాక వస్తది.

నా దగ్గర ఒక భాయ్ పనిచేస్తడు. వైర్లు గుంజుడు, నెట్‌వర్క్ పెట్టుడు, ఖరాబైతే బాగుచేసుడు, అంత ఆయనే. ఆయన లేకపోతే నా దుకాణానికి తాళం పడ్డట్టే. ఒకనాడు ఆయన భార్య వచ్చి కుర్చీల కూసున్నది. నన్ను అక్కా అంటది, నేను చెల్లె అంట. చాయ గూడ ముట్టలె.

"అక్కా, మా అన్న ఈయనను హైదరాబాద్ రమ్మంటున్నడు. ఆడ నెలనెలా జీతం పడుతదట. మీ దగ్గర పని ఉన్న నెల ఉన్నట్టు, లేని నెల లేనట్టు. పిల్లల ఫీజులు ఆగుతయా? రంజాన్ దాక చూస్త. పండుగ అయినంక మూట కట్టుడే."

ఆమె మాటల తప్పేం లేదు. అందుకే నాకు ఇంకింత కోపమొచ్చింది. ఎవల మీద అంటే చెప్పలేను.

గదే టైంల, మాకు సామాను పంపే పెద్ద కంపెనీవాళ్లు కరీంనగర్ల ఒక హోటల్ల మీటింగ్ పెట్టిన్రు. టై కట్టుకున్న ఒక సార్ తెర మీద బొమ్మలు చూపిచ్చుకుంట చెప్పిండు. "డబ్బాలు అమ్మితే ఒక్కసారే ఆదాయం. నెట్‌వర్క్ మెయింటెనెన్స్ అమ్మండి, ప్రతి నెలా వస్తుంది. మీ షాపు నుంచే కస్టమర్ నెట్‌వర్క్ అంతా చూసుకోవచ్చు. పాడవకముందే సరిచేయొచ్చు. మంచి మెయింటెనెన్స్ అంటే ఏంటో తెలుసా? మీరు కస్టమర్‌కి కనపడకూడదు!" అందరం చప్పట్లు కొట్టినం. బస్సుల వచ్చుకుంట నాకు ఒక్కటే ఆలోచన. నెలనెలా వస్తే భాయ్‌కు నెలనెలా ఇయ్యొచ్చు. చెల్లె మూట కట్టది.

పాపం ఆ సార్‌కు మా ఖని సంగతి తెల్వది. మా దిక్కు కనబడని మనిషికి నాగా వేసి జీతం కోస్తరు.

మా దుకాణం ఎనుక గల్లీల ఒక ప్రైవేటు దవాఖాన ఉన్నది. ఊర్లె నాకు దొరికిన గిరాకీలల్ల అదే పెద్దది. దాని మేనేజర్ బాయిల కూలీలతోని పని చేయించే ఓవర్‌మన్‌గ చేసి రిటైరైన కాక. మనిషి మంచోడే గాని, దవాఖానను బాయి లెక్కనే నడుపుతడు. నర్సులకు ఫస్ట్ షిఫ్టు, సెకండ్ షిఫ్టు, నైట్ షిఫ్టు. పైన వార్డుల డ్యూటీ పడ్డోళ్లు సర్ఫేస్, కింద ఎక్స్‌రే రూముల ఉన్నోళ్లు అండర్‌గ్రౌండ్. నేను పోయి మెయింటెనెన్స్ కాంట్రాక్టు గురించి చెప్తే, శ్రద్ధగ విని సంతకం పెట్టిండు. భాయ్ అన్ని కంప్యూటర్లను దుకాణం నుంచే చూసుకునేటట్టు చేసిండు. ఏదన్న నెమ్మదైతే ఈడినుంచే సరిచేసేది. దవాఖానల నెట్ ఒక్కపారి గూడ ఆగలె. నేనైతే గాల్లె తేలిన.

రెండో నెల కాక ఫోన్ చేసిండు.

"బిడ్డా, మీ మనిషి వస్తలేడు."

"రావాల్సిన అవసరం పడుతలేదు కాక. ఈడినుంచే చూస్తున్నడు."

"చూస్తున్నడో పండుకున్నడో నాకెట్ల ఎరుక?"

"నెట్ ఆగుతలేదు గద కాక!"

"నేనూ గదే అంటున్న. ఏం ఖరాబ్ కాకపాయె. మరి పైసలు దేనికి?"

"మేం చూడబట్టే ఖరాబ్ అయితలేదు!"

"గట్లెట్ల బిడ్డా. బాయిల పంపు ఖలాసీ నీళ్లు నిండకుండ చూస్తడు, నిజమే. కాని పంపు కాడ కూసోనైతే కూసుంటడు గద."

నెత్తి గోడకు కొట్టుకుందామనిపిచ్చింది. ఏం చేస్తం, కాంట్రాక్టు పోతే భాయ్ పోతడు. తెల్లారి భాయ్‌ను దవాఖానకు పంపిన. కాక ఆయనకు స్టూల్ వేయించిండు. రౌటర్, స్విచ్చి పెట్టిన ఇనుప బీరువా పక్కన కూసోబెట్టిండు. కాలికి బూట్లు ఉండాలన్నడు. నెత్తికి టోపీ గూడ ఉండాలన్నడు. ఇనుప బీరువా మీద పడితే ఎట్ల అని!

ఇగ భాయ్ బాధ చూడాలె. ఆ బీరువా మెట్ల కింద ఉంటది. వచ్చేపోయేటోళ్లు ఆయనను చూసి ఒకలు బీపీ చూడమంటరు, ఒకలు లిఫ్ట్ ఎందుకు రాదని లొల్లి పెడుతరు. ఒక అవ్వయితే ఇంజక్షన్ వేయించుకుందామని కొంగు సర్దుకొని చెయ్యి చాపి నిలబడ్డదట. "అక్కా, చదువుకున్నది నెట్‌వర్కింగ్, చేస్తున్నది కావలి" అని మొఖం వేలాడేసుకున్నడు. ఆయన ఆడ కూసుంటే వేరే పని బంద్. ఒక స్కూల్‌వాళ్లు కాంట్రాక్టు తీసుకుంటమని వచ్చి, "మాకూ ఒక మనిషి కూసుంటడు గద?" అని అడిగిన్రు. నాకు మనిషి ఒక్కడే ఉన్నడు, ముక్కలు చేసి పంచుతనా?

కోపం నషాళానికి ఎక్కి ఒకనాడు అన్న. "భాయ్, వీళ్లకు మనిషి కాదు కావాల్సింది. చప్పుడు కావాలె. సైరన్ పెట్టేస్తే పీడ పోతది!" నేను తిక్కల అన్న. భాయ్ నవ్వలె. వైరు ముక్క వేళ్లకు చుట్టుకుంట, "అయితది అక్కా" అన్నడు.

చిన్న సైరన్ ఒకటి తెచ్చి, పెట్టెల బిగిచ్చిండు. షిఫ్టు మారే టైంకు అది తనంతట తానే చూసుకుంటది. బిల్లు కౌంటర్ అందుతున్నదా, ల్యాబ్ అందుతున్నదా, మందుల కౌంటర్ అందుతున్నదా. అన్నీ బాగుంటేనే కూస్తది. ఒక్కటి అందకున్నా కూయది. రాత్రిపూట రోగులు లేస్తరని నైట్ షిఫ్టుకు మాత్రం బంద్ పెట్టినం. మొదటిపారి కూసినప్పుడు కాక కుర్చీల నిటారుగ కూసొని కండ్లు మూసుకొని విన్నడు. "ఇగో, ఇదీ పనంటే!" అన్నడు. ఆ దినమే భాయ్‌కు స్టూల్ మీదికెల్లి విడుదల.

ఊరు సైరన్లకు అలవాటు పడ్డ ఊరే గాబట్టి ఎవలూ ఏమనలె. ఒక రిటైర్డు తాత మాత్రం సెలైన్ బాటిల్ చేత పట్టుకొని మంచం దిగి, "నా టోపీ ఏది?" అని అడిగిండట. "నువ్వు నౌకరి దిగిపోయి ఎన్నేండ్లాయె, సప్పుడుజెయ్యక పండు" అని ఆయన పెండ్లాం గుంజి పండబెట్టింది. స్కూల్‌వాళ్లు గూడ ఒకటి పెట్టిచ్చుకున్నరు. భాయ్ వాళ్ల ఇల్లు దవాఖాన పక్కనే. చెల్లె మూడు గంటల సైరన్ వినంగనే చాయకు నీళ్లు పెట్టేది. ఇంకొంచెం సేపట్ల ఆయన వస్తడని ఆమె లెక్క.

గట్ల నడుస్తున్న కాలంల, రంజాన్ నెలల ఒకనాడు మూడయినా సైరన్ కూయలె.

ఫోన్ మీద ఫోన్. నేను ఉరికిన. దవాఖానల చూస్తే లైను రోడ్డు దాక ఉన్నది. కాక కౌంటర్లన్నీ బంద్ చేయించిండు. "సైరన్ రాలె! ఎవ్వలూ కంప్యూటర్ ముట్టొద్దు!" బిల్లు కౌంటర్ పిల్ల బతిమిలాడుతున్నది. "సార్, మంచిగనే నడుస్తున్నది సార్, చూడుండ్రి." కాక వినడే. "నడుస్తున్నట్టే కనబడుతది బిడ్డా. లోపల ఏమున్నదో ఎవలకెరుక? బాయిల గ్యాస్ గూడ కండ్లకు కనబడది." నేను చూసిన, నెట్ నిమ్మలంగ నడుస్తనే ఉన్నది. ల్యాబ్ రిపోర్టులు మాత్రం కాగితాల మీద రాసి, చేతులు మారుకుంట పైకి పోతున్నయి. నాకు నవ్వాల్నో ఏడ్వాల్నో అర్థం కాలె. భాయ్ అప్పటికే వచ్చి, ఫోన్ స్టూల్ మీద పెట్టి బీరువా ఎనుకకు దూరి ఉన్నడు.

గప్పుడే చెల్లె వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. రోజా ఉపాసం ఉన్నది, పెదాలు ఎండిపోయినయి. "మా ఆయన ఏడీ? ఫోన్ ఎత్తుతలేడు! ఈయనకేమాయె?" అని అందరి మొఖాలు చూస్తున్నది.

ఆమె తండ్రి బాయిల పనిచేసినోడే. సైరన్ లెక్క తప్పిందంటే లోపల ఏదో అయిందని బాయి కాడికి ఉరుకుడే మా ఆడోళ్లకు తెలిసింది. మా అవ్వ గట్లనే ఉరికేది, నన్ను చంకనేసుకొని. ఇది నెట్‌వర్క్ అని, ఇందుల మనుషులు చచ్చేదేం ఉండదని ఆ టైంల ఆమెకు ఎవలు చెప్పాలె? లైనుల నిలబడ్డోళ్లు ఒక్కలూ నవ్వలె. ఎవలో పక్కకు జరిగి ఆమెకు తొవ్వ ఇచ్చిన్రు. కాక టోపీ లేని నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నడు.

భాయ్ బీరువా ఎనుకనుంచి మాడిపోయిన అడాప్టర్ పట్టుకొని బయటికొచ్చిండు. నెత్తి నిండ బూజు. "సైరన్‌కు కరెంట్ ఇచ్చేది కాలిపోయింది, గంతే" అన్నడు. చెల్లె ఆయన భుజం మీద దబదబ రెండు గుద్ది, ఆడనే కూలబడి ఏడ్చింది. నేను పక్కన కూసున్న. నాకూ కండ్లల్ల నీళ్లు ఆగలె.

కొత్త అడాప్టర్ పెట్టంగనే సైరన్ కూసింది. కాక కౌంటర్లు తెరువుమన్నడు.

తెల్లారి మా ఇద్దరిని పిలిచి కాక చల్లగ చెప్పిండు. "బిడ్డా, నెట్‌వర్క్ కాంట్రాక్టు మాకు వద్దు. అది ఎన్నడు ఖరాబ్ కాదు, దండుగ." నేను లేవబోయిన. "కాని సైరన్ ఖరాబైతది. నా కండ్లతోని చూసిన. దానికి మాత్రం మెయింటెనెన్స్ కావాలె. గవే పైసలు, నెలనెలా."

నేను నోరు తెరిచిన. ఇన్ని నెలల కోపం గొంతుల ఉన్నది. భాయ్ నా దిక్కు చూసి వద్దన్నట్టు తలకాయ ఊపిండు. బయటికొచ్చినంక అన్నడు. "అక్కా, అన్నీ బాగుంటేనే గద అది కూసేది. సైరన్ కూయాల్నంటే నెట్ ఆగొద్దు. చేసే పని గదే." రోడ్డు మీద నిలబడి ఇద్దరం కడుపుబ్బ నవ్వినం.

పండుగ అయినంక చెల్లె షీర్‌ఖుర్మా డబ్బా పట్టుకొని దుకాణానికి వచ్చింది. నేను ఒక చెంచా తిని, డబ్బా పక్కకు పెట్టిన. ఆఖరికి అడిగేసిన. "మరి హైదరాబాద్ ఎప్పుడు చెల్లె?"

"ఏం హైదరాబాద్ అక్కా. మా అన్న ఫోన్ చేస్తే రామని చెప్పిన."

"జీతం బాగుంటదంటివి గద?"

"ఉంటది. కాని ఆడ ఈయన మంచిగున్నడో లేడో నాకెట్ల తెలుస్తది?"

నేను ఏదో అనబోయిన. గల్లీలకెల్లి మూడు గంటల సైరన్ వినబడ్డది. చెల్లె డబ్బా మూత గూడ పెట్టకుండ, "చాయ పెట్టాలె అక్కా" అని లేచింది.