వెల్ష్ వ్యాకరణానికి దసరా బొట్టు

విదేశంలో నేను చదువుకోను వెళ్లిన రేవుపట్టణం హాలిఫాక్స్‌లో ఆ ఏడు అద్దెకు గది దొరకడమంటే దేవుడు ప్రత్యక్షమైనంత పని. వచ్చే ప్రతి విమానం నిండా మన స్టూడెంట్లే. ఇళ్లేమో ఉన్నవే. అలాంటప్పుడు రిటైరైన టీచరొకాయన తన ఇంట్లో నాకు గదిచ్చాడు. ఒకటే షరతు: తన పుస్తకాలకు ఏమైనా అయితే ఆ రోజే ఖాళీ చెయ్యాలి.

వెల్ష్ భాష గురించి అచ్చుయంత్రాల తొలిరోజుల్లో వచ్చిన పుస్తకాలను సేకరించడం ఆయన పిచ్చి. అన్నిట్లోకీ పట్టపురాణి ఒక వ్యాకరణం. అలాగని ఆయనకు వెల్ష్ ఒక్క ముక్క వస్తే ఒట్టు! వాళ్ల నాయనమ్మకు వచ్చేదట. రేవు అవతలి నుంచి ఆదివారాలు ఫెర్రీలో టీకి వచ్చే ముసలావిడకూ అదే పిచ్చి. ఆమెకూ ఆ భాష రాదు. తోడికోడళ్లు నగలు చూసుకున్నట్టు ఒకరి పుస్తకాలు ఒకరు చూసుకుని వంకలు పెట్టుకునేవారు.

దసరా ఆదివారం పడింది. నా ల్యాప్‌టాప్, టెక్స్ట్‌బుక్కులు బల్ల మీద పేర్చి పూజకు కూర్చున్నాను. పెద్దాయన చూసి ముచ్చటపడ్డాడు.

"ఇవాళ పుస్తకాలకు పండగా? అయితే దీన్నీ కూర్చోబెట్టు."

వ్యాకరణం తెచ్చి, మొదటి పేజీ తెరిచి పెట్టి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. చేతి అలవాటు ఎక్కడికి పోతుంది! నాలుగు మూలలా తడి పసుపు, నడుమ కుంకుమ బొట్టు. పెట్టాకగానీ నాకు బుర్ర వెలగలేదు. ఏజాక్స్ అనే వేరే ఊళ్లో ఉన్న స్నేహితుడికి ఫోన్ చేశాను.

"అరేయ్, మ్యూజియంల పెట్టే బుక్కుకు బొట్టు పెట్టినవా? ఇగ బ్యాగ్ సర్దుకో. మా బేస్‌మెంట్ల మాత్రం జాగా లేదు, ముందే చెప్తున్న!"

పెద్దాయన వచ్చి పేజీ చూశాడు. అంతలో బెల్ మోగింది. ముసలావిడ! వస్తూనే భూతద్దం తీసి పేజీ మీదికి వంగింది.

"అయ్యో దేవుడా! ఇది ఇండియాలో ఎవరో పూజించిన పుస్తకం! ఎంత పాతదో ఈ మరక!"

మరక ఇంకా ఆరలేదు. ఆవిడ వేలికి పసుపు అంటుకుంది కూడా.

"ఎన్ని దేశాలు తిరిగొచ్చిందో! నా దగ్గర ఇలాంటిది ఒక్కటీ లేదు."

పెద్దాయన నా వైపు చూశాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"తిరిగే ఉంటుంది," అన్నాడు గంభీరంగా.

ఆవిడ మొహం మాడిపోయింది. టీ కూడా ముట్టకుండా ఫెర్రీకి వెళ్లిపోయింది. ఎవరూ పొమ్మనకముందే నేను గదిలోకెళ్లి సూట్‌కేసు సర్దడం మొదలుపెట్టాను. షరతు షరతే కదా. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఈ పండగ ఒక్కసారేనా, ఏటా చేస్తారా?"

"ఏటా, సార్."

"నా పిల్లలు ఒక్కరైనా ఆ పుస్తకాన్ని ముట్టుకోలేదయ్యా. నువ్వు దానికి దండం పెట్టావు." హాల్లోకి చెయ్యి చూపించాడు. "ఇంకా అల్మారా నిండా ఉన్నాయి. వచ్చే ఏడు వాటి సంగతి ఎవరు చూస్తారు? బట్టలు బయటికి తియ్."

సూట్‌కేసు మీదే కూలబడి, సిగ్గు విడిచి, ఆయన ముందే ఏడ్చేశాను.